నవ్వించబోయి ఒక నోరు మూయించాను

నెలకొకరైనా వస్తారు మా వెంగళరావు నగర్ ఇంటికి. ఉద్యోగం అయిపోయిన బ్యాంకు ఆఫీసరో, పిల్లలు పెద్దవాళ్ళయి తీరిక చిక్కిన ఇల్లాలో. చేతిలో కొత్త నోటు పుస్తకం ఉంటుంది. "ఏమీ తోచడం లేదండీ, పిల్లలకు సరదా గేయాలు రాద్దామనుకుంటున్నాను, నాలుగు మెళకువలు చెప్పండి" అంటారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. ఏమీ తోచకపోతే కూర్చుని దీపానికి వత్తులు చేసుకోవచ్చు కదా. పిల్లల నెత్తిన పడటం ఎందుకు?

ఇదివరకు అలాంటివాళ్ళకు కాఫీ ఇచ్చి, నవ్వు ముఖం పెట్టి పంపేసేదాన్ని. ఇప్పుడు ఆ ఓపిక లేదు. ఈ కాగితాలు చేతిలో పెడతాను, చదువుకుంటారు. ఇందులో నా సన్మానాల సంగతి ఉండదు. ఆ శాలువాలు బీరువాలో ఉన్నాయి, వాటిని చిమ్మటలు చూసుకుంటున్నాయి. నేను చేసిన ఒక తప్పు, ఆ తప్పుకు బలైన ఒక పదకొండేళ్ళ పిల్ల సంగతి మాత్రం పూర్తిగా ఉంటుంది.

అద్దె గొంతు

నేను పుట్టు కవయిత్రిని కాను. డబ్బింగ్ ఆర్టిస్టును. సినిమాల్లో పిల్లలకు గొంతు ఇచ్చేదాన్ని. తెర మీద ఏడేళ్ళ బుడతడు అమ్మా అని ఏడుస్తుంటే, చీకటి గదిలో మైకు ముందు నిలబడి ఏడ్చేది నలభై ఏళ్ళ ఆడది. పిల్లల చేతే చెప్పించవచ్చు కదా అంటే, వాళ్ళకు ఆకలి, నిద్ర, పంతం ఉంటాయి. మాకు అవేవీ ఉండవని నిర్మాతల నమ్మకం.

మద్రాసులో మొదలుపెట్టాను. ఎనభైల్లో పరిశ్రమ కొద్దికొద్దిగా ఇటు కదిలినప్పుడు మేమూ పెట్టే బేడా సర్దుకుని వచ్చేశాం. ఫిల్మ్ నగర్ అప్పటికి సగం బండరాళ్ళు, సగం పునాదులు. బస్సు దిగి ఆ ఎత్తు ఎక్కి స్టూడియో చేరేసరికి గొంతు పిడచకట్టుకుపోయేది. మంచినీళ్ళు అడిగితే హీరోయిన్ గారికి డబ్బింగ్ చెప్పే అమ్మాయికి ముందు ఇచ్చేవారు. పిల్లల గొంతు అంటే అంత లోకువ.

సినిమాను చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ తెర మీద మళ్ళీ మళ్ళీ తిప్పేవారు. తెర మీద పెదవి ఎప్పుడు కదిలితే అప్పుడు మా మాట పడాలి. నాకు పని నేర్పింది డబ్బింగ్ ఇన్‌చార్జి రంగనాథం గారు. మనిషి దొడ్డవాడే కానీ, నోరు తెరిస్తే చింతబరికె. ఆయన సూత్రం ఒక్కటే. "పెదవి కదిలింది, మాట లేదు అంటే తప్పు నీదే కామేశ్వరీ. ఏదో ఒకటి పడెయ్యి. ఖాళీ మాత్రం వదలకు." పదిహేనేళ్ళు ఖాళీ వదలకుండా బతికాను. ఇంట్లో కూడా ఎవరైనా మాట కోసం తడుముకుంటే నేనే అందించేసేదాన్ని.

నత్తి కూడా ఆయనే నేర్పాడు. సినిమాల్లో నత్తి పాత్ర ఉందంటే హాలు నవ్వాలన్నమాట. మొదటి అక్షరం మూడుసార్లు అనాలి, నాలుగోసారి అంటే జనం విసుక్కుంటారు, మూడో దాని తర్వాత మాట దబ్బున పడాలి, అదీ లెక్క. నేను ఆ లెక్క ఎన్ని సినిమాల్లో అప్పజెప్పానో నాకే గుర్తులేదు. నిజంగా నత్తి ఉన్న మనిషి ఎలా మాట్లాడతాడో ఒక్కరోజైనా చెవి పెట్టి విన్నానా? వినలేదు. రంగనాథం గారూ విని ఉండడు. మాకు నేర్పిన సినిమాలన్నీ అంతకు ముందరి సినిమాలను చూసి నేర్చుకున్నవే.

ఇక ఆ పిల్లల డైలాగుల సంగతి ఎత్తితే నా రక్తపోటు పెరుగుతుంది. ఆరేళ్ళ పిల్ల విడిపోయిన తల్లిదండ్రులను కలపడానికి అరపేజీ ఉపన్యాసం ఇచ్చేది. అది రాసిన పెద్దమనిషి ఇంట్లో పిల్లలు లేరా అని నాకు అనుమానం వచ్చేది. ముగ్గురున్నారట. వాళ్ళతో ఎప్పుడైనా మాట్లాడాడా అన్నదే ప్రశ్న.

నీతి ఎక్కడుందండీ

తొంభైల మొదట్లో ఒక కొత్త సౌండ్ ఇంజనీరు, మీసం కూడా సరిగా రానివాడు, "మేడం, వాయిస్ కొంచెం ముదిరిందండీ" అన్నాడు. ముదరడానికి నేనేమన్నా బెండకాయనా? కానీ వాడన్నది నిజమే. పై స్థాయిలో గొంతు జీరపోతోంది. ఆ నెల తర్వాత పిలుపులు రాలేదు. నాకప్పటికి యాభై రెండేళ్ళు.

మా వాటాల ఇంట్లో సాయంత్రమైతే ఏడెనిమిది మంది పిల్లలు చేరేవారు. వాళ్ళ కోసం రాయడం మొదలుపెట్టాను. మొదటి పది గేయాలూ పళ్ళు తోముకో, పెద్దల మాట విను, పక్షులకు నీళ్ళు పెట్టు అనేవే. ముద్దుముద్దుగా, నాలుక మడతపెట్టి చదివాను, సినిమాల్లో అలవాటు కదా. పక్కవాటా చిన్నది మర్యాదగా మొత్తం విని, "అయిపోయిందా మామ్మా?" అని వెళ్ళిపోయింది. అంతకన్నా ఘోరమైన విమర్శ నాకు మళ్ళీ ఎవరూ చెయ్యలేదు. పిల్లలు తాము ముద్దుగా మాట్లాడుతున్నామని అనుకోరు. మామూలుగానే మాట్లాడుతున్నామనుకుంటారు. వాళ్ళను వెక్కిరిస్తున్నానని ఆ పిల్లకు తెలిసింది, నాకు తెలియలేదు.

ఆ పది కాగితాలూ చించి పొయ్యిలో పెట్టాను. మర్నాడు పెనం మీద అట్టు అంటుకుని చస్తుంటే ఇది వచ్చింది:

అమ్మ అట్టు పోసింది,
అట్టు లేచి నుంచుంది.
"నన్ను తింటే ఊరుకోను,
నాన్నతోటి చెబుతా"నంది.
నాన్న వచ్చి చూశాడు,
చట్నీ తెమ్మని అడిగాడు.

సాయంత్రం ఇది మామూలు గొంతుతో, గంభీరంగా చదివాను. పిల్లలు కింద పడి దొర్లారు. వాళ్ళ నాన్న ఒకాయన గడపలో నిలబడి విని, "బాగుందండీ, ఇందులో నీతి ఎక్కడుంది?" అన్నాడు. చట్నీలో ఉంది, వెతుక్కోండి అన్నాను. ఆయన ఆరు నెలలు నాతో మాట్లాడలేదు, నాకు హాయిగా ఉండేది.

మెళకువ కావాలంటారు కదా, ఇదొకటి తీసుకోండి. చదివేటప్పుడు పిల్లల ముఖాలు చూడకండి, కాళ్ళు చూడండి. ముఖం మర్యాద కోసం నవ్వుతుంది. విసుగొస్తే కాళ్ళు గుమ్మం వైపు తిరుగుతాయి.

బెల్లం పాట

భాస్కరరావు అని, ఒకప్పుడు ప్రొడక్షన్ మేనేజరుగా చేసినాయన, ఫిల్మ్ నగర్‌లో కేసెట్ల కంపెనీ పెట్టాడు. నా గేయాల సంగతి విని, పన్నెండు గేయాలతో పిల్లల కేసెట్ చేద్దామన్నాడు. పదకొండు సిద్ధంగా ఉన్నాయి. "పన్నెండోది మంచి కామెడీ బిట్ పడాలండీ, పెద్దాళ్ళు కూడా నవ్వాలి" అన్నాడు. నత్తి పెట్టమని ఆయన చెప్పలేదు. ఆ సంగతి దాచి తప్పంతా ఆయన మీదికి నెట్టేస్తే నా నోట్లో పురుగులు పడతాయి. నత్తి నేనే తెచ్చాను. అరగంటలో రాసేశాను.

కొట్టుకు బెల్లం కోసం వెళ్ళిన కుర్రాడు ఆ మాట పూర్తి చేసేలోగా కొట్టు కట్టేస్తారు, అంతే అందులో సంగతి. ఆ గేయం ఇక్కడ ఎత్తి రాయను. నా చేత్తో ఇంకోసారి రాయను. రికార్డింగ్ రోజున మూడు అక్షరాల లెక్క తప్పకుండా చెప్పాను. సౌండ్ ఇంజనీరు పొట్ట పట్టుకున్నాడు, తబలా ఆయన నవ్వి తాళం తప్పాడు. నేను పొంగిపోయాను. గొంతు ముదిరిందన్నారుగా, చూడండర్రా అనుకున్నాను.

కేసెట్ ఆ పాట మీదే నడిచింది. జూబిలీ హిల్స్‌లో పుట్టినరోజు పండుగలకు అదే, కార్లలో అదే, స్కూలు వార్షికోత్సవాల్లో అదే. మిగతా పదకొండు గేయాలూ ఉన్నాయన్న సంగతే ఎవరికీ పట్టలేదు. నాకది అప్పుడే తట్టాల్సింది. పెద్దాళ్ళు కూడా నవ్వాలని రాసిన పాటకు ముందుగా నవ్వింది పెద్దాళ్ళే, వాళ్ళను చూసి పిల్లలు నేర్చుకున్నారు.

పద్మ టీచర్ వచ్చిన రోజు

ఒక ఆదివారం పొద్దున ఒకావిడ వచ్చింది. రహమత్ నగర్‌లో ఒక చిన్న బడిలో ఐదో తరగతి చెబుతానని, పేరు పద్మ అని చెప్పింది. అభిమాని కాబోలనుకుని కాఫీ పెట్టాను. ఆవిడ కప్పు ముట్టుకోలేదు.

"మేడం, మీ పాట మా పిల్లలందరికి నోటికొచ్చింది. మా క్లాసుల స్వరూప అని ఒక పిల్ల ఉన్నది, జర నత్తి. ఇప్పుడు ఆమెను ఎవ్వరు పేరు పెట్టి పిలుస్తలేరు. బెల్లం అంటున్నరు. హాజరు పిలిస్తే పలుకుతలేదు. పది రోజులాయె, నోరే తెరుస్తలేదు."

నేను ఏదో అన్నాను. పిల్లలు అల్లరివాళ్ళు, నాలుగు రోజుల్లో మర్చిపోతారు, అలాంటిదే. ఆవిడ నన్ను అలాగే చూసింది. అసలు సంగతి అప్పుడు చెప్పింది. ఆ పిల్ల బడికి రానంటోందట. రాకపోతే తనతో పాచిపనికి తీసుకుపోతానని తల్లి అంటోందట. తల్లి మల్లమ్మ జూబిలీ హిల్స్‌లో మూడిళ్ళలో పని చేస్తుంది. పిల్ల లెక్కల్లో క్లాసుకు ఫస్టు, రాతలో ఒక్క తప్పు ఉండదు, ఎట్లయినా పనికి పోకుండ ఆపాలె మేడం అంది.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఆ పిల్లిని నేను. అభిమాని అనుకుని స్టీలు గ్లాసులు మాని పింగాణీ కప్పులు తీశానే, అది తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ సాయంత్రమే టీచర్‌తో కలిసి వాళ్ళింటికి వెళ్ళాను. సందు లోపల సందు, ఒకే గది. మల్లమ్మ బియ్యం ఏరుతోంది. స్వరూప గోడకు ఆనుకుని నిలబడింది, నూనె రాసి గట్టిగా వేసిన రెండు జడలు. నేను ఆ పాట రాసినావిడనని టీచర్ చెప్పింది. మల్లమ్మకు కోపం రాలేదు. నాకు అదే ఎక్కువ బాధ కలిగించింది. "నేను పని చేసే అమ్మగారి ఇంట్ల ఉన్నది అమ్మా ఆ కేసెట్టు. నేను గూడ నవ్విన" అంది. చదువు మాన్పించవద్దని నేను చెప్పబోతే, "గిన్నెలు తోమనీకె మాటలు అక్కర లేవు గద. అక్కడైతే ఎవ్వరు నవ్వరు" అంది.

నేను స్వరూప ముందు కూర్చుని తప్పైపోయిందమ్మా అన్నాను. ఆ పిల్ల నా ముఖం చూసి ఏదో చెప్పాలనుకుంది. పెదవి కదిలింది. శబ్దం లేదు. మెడ నరం బిగిసింది, కళ్ళు చిన్నవయ్యాయి. ఎంతసేపో నాకు తెలియదు. మాట రాలేదు. నేను ఉండబట్టలేక, "బడికి వస్తానంటావు, అంతేనా?" అని అందించేశాను.

ఆ పిల్ల నోరు మూసుకుంది. లోపలికి వెళ్ళడానికి ఇంకో గది లేదు కనుక గోడ వైపు తిరిగింది.

పెదవి కదిలితే ఖాళీ వదలకూడదు కదా, అందుకని నింపేశాను. పదిహేనేళ్ళు నేర్చుకున్న పని ఆ రోజు ఆ పిల్ల గొంతు మీద కాలు పెట్టి తొక్కింది. తిరిగి వస్తుంటే పద్మ టీచర్ ఒకటే అంది, ఎదురుచూడాలె మేడం, ఎంతసేపైనా. పొరపాటు చేసినప్పుడు తిట్టేవాళ్ళు చాలామంది దొరికారు నాకు. ఏం చెయ్యాలో చెప్పింది ఈవిడ ఒక్కతే.

వెనక్కి తీసుకోవడం

భాస్కరరావు దగ్గరికి వెళ్ళి ఆ పాట తీసెయ్యమన్నాను. ఆయన నవ్వాడు. "అది తీసేస్తే కేసెట్‌లో ఇంకేముందండీ?" అన్నాడు. పదకొండు పాటలున్నాయి అన్నాను. అట్టు గిట్టూ ఎవరు వింటారండీ అని ఫోను ఎత్తుకున్నాడు. హక్కులన్నీ ఆయనవే, సంతకం పెట్టేముందు నేను చదవలేదు. రాసేవాళ్ళు చదవకుండా సంతకం పెడతారని ఆ వీధిలో అందరికీ తెలుసు.

ఆ నవంబరులో జూబిలీ హిల్స్‌లో ఒక స్కూలువాళ్ళు పిల్లల పండుగకు ముఖ్య అతిథిగా పిలిచారు. వేదిక మీద ఆరుగురు పిల్లలు ఆ పాటకు అభినయం మొదలుపెట్టారు. ఒక చిన్నవాడు నోరు వంకర పెట్టి నిలబడ్డాడు, తండ్రులు వీడియోలు తీస్తున్నారు. నేను లేచి మైకు అందుకుని, ఈ పాట రాసినదాన్ని నేనే, ఇది చెడ్డ పాట, దయచేసి ఆపండి అన్నాను. కార్యదర్శి గారు మైకు లాక్కుని అమ్మగారికి ఒంట్లో కొంచెం బాగాలేదని ప్రకటించి, పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టించాడు. నన్ను కారులో ఇంటికి పంపించారు. ఆ తర్వాత నన్ను ఎవరూ ఏ సభకూ పిలవలేదు. పోనీ, పీడా విరగడైంది. కానీ అందరూ నవ్వుతుంటే ఆ చిన్నవాడు మళ్ళీ నోరు వంకర పెట్టాడు చూడండి, అది మాత్రం నేను మర్చిపోలేను.

రహమత్ నగర్ బడికి మాత్రం వారం వారం వెళ్ళాను. కొత్త గేయాలు చెప్పాను, వాటితో ఆ పాటను మరిపించవచ్చని. పిల్లలు బ్రహ్మాండంగా నవ్వేవారు. నవ్వి, ఇప్పుడు బెల్లం పాట చెప్పండి మామ్మా అనేవారు. ఒకసారి పిల్లల నోట పడ్డ దాన్ని వెనక్కి లాక్కోవడం రాసినవాళ్ళ తరం కాదు. ఇది మీరు మీ కొత్త నోటు పుస్తకంలో మొదటి పేజీలో రాసుకోండి.

స్వరూపను బడికి తేవడానికి పద్మ టీచర్ వెళ్ళి మల్లమ్మ కాళ్ళావేళ్ళా పడింది. చివరికి మల్లమ్మ పరీక్షల దాకా పంపుతానంది. హాజరు పిలిస్తే చెయ్యెత్తితే చాలన్నారు. నేను వెళ్ళినప్పుడల్లా బడి వదిలాక ఆ పిల్ల పక్కన మెట్టు మీద కూర్చునేదాన్ని. మాట్లాడించేదాన్ని కాదు. నాలుక కొరుక్కుని కూర్చోవడం యాభై ఏళ్ళు దాటాక నేర్చుకున్నాను, నాకది డబ్బింగ్ కన్నా కష్టమైంది. నాలుగో వారమో ఐదో వారమో ఆ పెదవి కదిలింది. నేను నేల చూస్తూ కూర్చున్నాను. బెల్లు కొట్టిన పెద్దాయన తాళాలు వేసుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు వచ్చింది మాట.

"మీరు తప్పు చెప్పిండ్రు. నాకు మూడుసార్లు రాదు. అసలు సప్పుడే రాదు."

తర్వాత నెమ్మదిగా, ఆగి ఆగి, ఎలా ఉంటుందో చెప్పింది. మాట లోపల తయారుగా ఉంటుందట. అవతలివాళ్ళ ముఖం చూడగానే గొంతులో తలుపు పడిపోతుందట. తన పేరు చెప్పడమే అన్నిటికన్నా కష్టమట, ఎందుకంటే దాని బదులు ఇంకో మాట వాడుకోవడానికి ఉండదు. గొంతులు అమ్ముకుని బతికినదాన్ని నేను, ఇంత వివరంగా గొంతు గురించి నాకెవరూ చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. సంతోషం కూడా వేసింది, నాతో మాట్లాడింది కదా అని. గండం గడిచిందనుకున్నాను.

జూన్ తర్వాత

పరీక్షలు రాసింది. లెక్కల్లో మళ్ళీ ఫస్టు. జూన్‌లో బడి తెరిచారు, స్వరూప రాలేదు. పెద్ద బడికి మారాలి, అక్కడ పద్మ టీచర్ ఉండదు, హాజరుకు చెయ్యెత్తితే ఒప్పుకునేవాళ్ళు ఉండరు. టీచర్ రెండుసార్లు ఇంటికి వెళ్ళింది, తాళం వేసి ఉందట. నేను వెళ్ళినప్పుడూ అంతే.

వర్షాకాలంలో ఒక పాత నిర్మాతకు కాలు విరిగిందని తెలిసి, జూబిలీ హిల్స్‌లో వాళ్ళింటికి పలకరించడానికి వెళ్ళాను. హాల్లో ఆయన మనవలిద్దరు తివాచీ మీద దొర్లుతున్నారు. మూలన పెద్ద టేప్ రికార్డర్. కాఫీ ట్రే పట్టుకుని వచ్చింది స్వరూప. జడలు ఒక్కటైపోయాయి, గౌను పోయి పెద్దవాళ్ళ లంగా వోణీ వచ్చింది. నన్ను చూసింది, ట్రే బల్ల మీద పెట్టింది. నిర్మాత గారు ఇది మా మల్లమ్మ కూతురు, నోట్లో నాలుక లేదు కానీ పనిమంతురాలండీ అన్నారు.

ఇంతలో మనవల్లో పెద్దవాడు, "స్వరూపా, బెల్లం పాట పెట్టు" అని కేక వేశాడు.

ఆ పిల్ల చెయ్యి తుడుచుకుని వెళ్ళి మీట నొక్కింది. నా గొంతు వచ్చింది, మూడు అక్షరాలు లెక్క తప్పకుండా. నేను లేచి వెళ్ళి ఆపేశాను. కేసెట్ బయటికి తీసి పట్టుకున్నాను. పిల్లలు రాగం ఎత్తుకున్నారు, నిర్మాత గారు ఇబ్బందిగా నవ్వారు.

స్వరూప నా పక్కనే నిలబడి ఉంది. ఏదో చెప్పాలనుకుంది. మెడ నరం బిగిసింది. నేను ఎదురుచూశాను. పిల్లల ఏడుపు సగానికి తగ్గింది, కాఫీ మీద మీగడ కట్టింది. అప్పుడు నాకు మాత్రమే వినపడేలా అంది.

"అది అక్కడనే పెట్టుండి అమ్మా. మీరు పోయినంక నేనే మళ్ళ పెట్టాలె."